పది వేళ్ళు, ఆపైన ఒక వేలు

ఆ పెద్దావిడ మందు సీసా కౌంటర్ మీద పెట్టి, లేబుల్ మీద ఒక మాట దగ్గర గోరు ఆనించింది. రెండు చేతులూ ఎత్తి పది వేళ్ళూ చాపింది. పిడికిళ్ళు ముడిచి, మళ్ళీ ఒక్క వేలు చూపించింది.

"ఓన్సె?" అంది.

నాకు బోధపడలేదు. అది లిసినోప్రిల్, బీపీ మందు. ఆవిడకి కొత్తగా రాశారు. ధర అడుగుతోందేమో అనుకుని బిల్లు తీసి చూపించబోయాను. పక్కన మాత్రలు లెక్కపెడుతున్న మా టెక్నీషియన్ అమ్మాయి చేతిలో ట్రే అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. "నో సెన్యోరా, ఊనా వేస్, ఊనా వేస్!" అంటూ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

లేబుల్ మీద 'వన్స్ డైలీ' అని ఉంది. ఇంగ్లిష్‌లో మనం 'వన్స్' అని చదివే ఆ నాలుగు అక్షరాలనే స్పానిష్‌లో 'ఓన్సె' అని చదువుతారు. ఓన్సె అంటే పదకొండు. రోజుకి పదకొండు మాత్రలు వేసుకోవాలా అని ఆవిడ అడుగుతోంది. అడిగింది కాబట్టి సరిపోయింది.

ఇది 2021 మార్చి నాటి మాట. డాలస్ దగ్గర ఒక ఊళ్ళో మందుల షాపులో ఫార్మసిస్టుగా అప్పటికి పదేళ్ళుగా పని చేస్తున్నాను. ఆ రాత్రి కన్ను మూతపడలేదు. అడగకుండా సీసా సంచిలో వేసుకుని వెళ్ళిపోయినవాళ్ళు ఈ పదేళ్ళలో ఎందరో అన్న ఆలోచనే. ఈ 'ఓన్సె' సంగతి మా రంగంలో పాతదేనని తర్వాత చదివి తెలుసుకున్నాను. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ మందుల షాపుల్లో కంప్యూటర్ అనువదించిన స్పానిష్ లేబుళ్ళను పరిశీలించి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. సగం లేబుళ్ళలో ఏదో ఒక తప్పు ఉంది. స్పానిష్ వాక్యం మధ్యలో 'వన్స్ ఎ డే' అన్న ముక్కను ఇంగ్లిష్‌లోనే వదిలేసినవి కూడా వాటిలో ఉన్నాయి.

నేను హన్మకొండ దాన్ని. కాకతీయ యూనివర్సిటీలో 2000లో బీఫార్మసీ పూర్తిచేశాను. పెళ్ళయ్యాక ఇక్కడికి వచ్చి లైసెన్సు కోసం పడ్డ పాట్లు ఈ రంగంలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. విదేశాల్లో చదివిన ఫార్మసిస్టులు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షలో మాట్లాడే భాగంలో అప్పట్లో 30కి 26 తెచ్చుకోవాల్సి ఉండేది. నేను రెండుసార్లు 24 దగ్గర ఆగిపోయాను. మూడోసారి గట్టెక్కాను. రోగితో మాట్లాడలేని ఫార్మసిస్టు ప్రమాదకరం కాబట్టే ఆ నిబంధన పెట్టారు, దాన్ని నేను తప్పు పట్టను. కానీ టెక్సస్‌లో పదిమందిలో దాదాపు ముగ్గురు ఇంట్లో స్పానిష్ మాట్లాడతారు. మా షాపు ఉన్న పేటలో ఇంకా ఎక్కువ. వాళ్ళతో మాట్లాడగలవా అని ఏ పరీక్షా, ఏ బోర్డూ, ఏ మేనేజరూ నన్ను ఎప్పుడూ అడగలేదు. నాకు 26 మార్కులు వచ్చిన భాష ఆ పెద్దావిడకి ఎందుకూ పనికిరాలేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. అన్నేళ్ళూ మా షాపుని నెట్టుకొచ్చింది రెండు భాషలు వచ్చిన ఆ టెక్నీషియన్ పిల్లలు. గంటకి అందరితో సమానంగానే జీతం. మాత్రలు లెక్కపెడుతూ, ఫోన్లెత్తుతూ, మధ్యలో మా అందరికీ నోరై నిలబడ్డారు. అది వాళ్ళకి పుట్టుకతో వచ్చింది కదా, ఉచితమే కదా అన్నట్టు వాడుకున్నాం.

అయినా అప్పటికప్పుడు నేనేమీ చెయ్యలేదు. 'ఊనా వేస్ అల్ దీయా', అంటే రోజుకి ఒకసారి, అని కాగితం మీద రాసి కంప్యూటర్ పక్కన అతికించి ఊరుకున్నాను. నన్ను కదిలించింది మా అమ్మ.

ఆ ఏడాది చివర్లో అమ్మ మా దగ్గరకి వచ్చింది. డెబ్భై రెండేళ్ళు. ఒకరోజు నేను డ్యూటీలో ఉండగా ఒంట్లో బాగాలేదంటే మావారు క్లినిక్‌కి తీసుకెళ్ళారు. బంధువులు అనువాదం చెయ్యకూడదని అక్కడ నియమం, ఫోన్లో ఇంటర్‌ప్రిటర్‌ని పెట్టారు. మొదట లైన్లోకి వచ్చినాయన హిందీ మాట్లాడాడు. ఇండియా అంటే హిందీ అనుకున్నారు కాబోలు. రెండోసారి తెలుగాయన దొరికాడు. డాక్టరు ఏమైందని అడిగితే అమ్మ "ఏడి జేసింది" అని చెప్పింది. ఆయన దాన్ని 'జ్వరం' అని అనువదించాడు. థర్మామీటర్ పెడితే జ్వరం లేదు. కోవిడ్ పరీక్ష చేశారు, అదీ లేదు. పారాసిటమాల్ వేసుకోమని పంపించేశారు.

రెండు రోజులకి అమ్మకి చలితో ఒణుకు పట్టుకుంది. అప్పుడు మంచం మీద పక్కన కూర్చుని అడిగితే అసలు సంగతి బయటపడింది. మూత్రంలో మంట, నాలుగు రోజుల నుంచి.

"మరి డాక్టరుకి చెప్పలేదేమే అమ్మా?"

"ఏం జెప్పాలె బిడ్డా? అల్లుడు పక్కన్నే ఉండె. తర్వాత ఆయన బయటికి వోతే ఫోన్ల మొగోని గొంతు. గవన్ని జెప్తరా? ఏడి జేసిందన్న, గంతే."

ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా పాకింది. యాంటీబయాటిక్స్‌తో తగ్గిపోయింది, దేవుడి దయ. ఆ ఇంటర్‌ప్రిటర్‌ని నేను తప్పు పట్టలేను. 'వేడి చేసింది' అన్న మాటకి ఇంగ్లిష్‌లో మాట లేదు. నోటి పూత నుంచి మూత్రంలో మంట దాకా మనం ఆ ఒక్క మాటతోనే సరిపెడతాం. తెలుగు తెలిసిన డాక్టరైతే "ఎక్కడమ్మా వేడి?" అని ఇంకో ప్రశ్న వేసేది. ఆ రెండో ప్రశ్న కోసమే భాష కావాలి.

1980లో ఫ్లోరిడాలో ఇలాంటిదే జరిగింది. పద్దెనిమిదేళ్ళ కుర్రాడిని స్పృహ లేకుండా ఆస్పత్రికి తెచ్చారు. ఇంట్లోవాళ్ళు 'ఇంతోక్సికాదో' అన్నారు. తిన్నది పడక విషమించింది అని వాళ్ళ ఉద్దేశం. ఆస్పత్రిలో దాన్ని ఇంగ్లిష్ మాటలా విని, మత్తుమందు మింగాడని అనుకున్నారు. నిజానికి మెదడులో రక్తస్రావం. అది తేలేసరికి ఆలస్యమై కాళ్ళూ చేతులూ పడిపోయాయి. దాదాపు 7.1 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పందం కుదిరింది. మెడికల్ ఇంటర్‌ప్రిటర్ల శిక్షణలో ఈ కేసు ఇప్పటికీ చెబుతారు. అమ్మ ఒళ్ళు ఒణుకుతున్నప్పుడు నాకు అదే గుర్తుకొచ్చింది. నా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్ళలో ప్రతి ముసలావిడా ఎవరో ఒకరి అమ్మే కదా.

2022 ఆగస్టులో కమ్యూనిటీ కాలేజీలో చేరాను. కోర్సు పేరు స్పాన్ 1411, స్పానిష్ మొదటి మెట్టు. పదహారు వారాలు, మంగళ, గురువారాలు సాయంత్రం. చేరడం కష్టం కాలేదు. ఆ కౌంటీలోనే ఉంటున్నామని కరెంటు బిల్లు, లైసెన్సు చూపిస్తే స్థానికులకిచ్చే తక్కువ ఫీజే తీసుకున్నారు. కష్టమైంది డ్యూటీ మార్పించుకోవడం. వారానికి రెండు సాయంత్రాలు ఖాళీ కావాలంటే నాలుగు నెలలు ప్రతి శనివారం నేనే పని చెయ్యాల్సి వచ్చింది. మావారు "ఫోన్లో అనువాదం యాప్ ఉందిగా" అన్నారు. ఉంది, నేనూ వాడతాను. కానీ యాప్ అన్న మాటనే అనువదిస్తుంది. అమ్మ అనని మాట దానికెలా వినపడుతుంది?

క్లాసులో ఇరవై మందిమి. ఇద్దరు నర్సులు, ఇళ్ళు కట్టే మేస్త్రీల మీద సూపర్‌వైజర్ ఒకాయన, మిగతావాళ్ళు కాలేజీ పిల్లలు. టీచరుది మెక్సికోలోని మోంతెరే. అందరూ ఆవిడని 'ప్రొఫె' అని పిలిచేవారు. నలభై నాలుగేళ్ళ వయసులో చిన్నపిల్లలా ఆ బల్ల ముందు కూర్చోవడానికి మొదటి వారం సిగ్గేసింది. రెండో వారం 'త' అక్షరం వచ్చింది.

అమెరికన్ పిల్లలు స్పానిష్ 'త'ని 'ట' అనేవాళ్ళు. నాలుక పళ్ళకి తగలాలని ప్రొఫె అద్దం పట్టుకుని మరీ చూపించింది. నా వంతు వచ్చినప్పుడు 'తూ', 'తీయెనె', 'దోలోర్' అన్నాను. అవి మన త, మన ద. మధ్యలో వచ్చే ర కూడా అచ్చం మనదే. అచ్చులు అ, ఎ, ఇ, ఒ, ఉ, ఐదే, ఎక్కడా మెలికలు తిరగవు. ప్రొఫె ఆగి, "మళ్ళీ చెప్పండి, అందరూ వినండి" అంది. ఇంగ్లిష్ ఉచ్చారణ కోసం మూడుసార్లు పరీక్ష రాసిన మనిషిని నేను. నా నాలుక మంచిదేనని ఈ దేశంలో ఒకరు అనడం అదే మొదటిసారి. ఆ రోజు కారులో కూర్చుని కాసేపు ఏడ్చాను.

తర్వాత ఇంకో విచిత్రం. 'నాకు తల నొప్పిగా ఉంది' అనడానికి ఇంగ్లిష్‌లో 'నేను తలనొప్పి కలిగి ఉన్నాను' అన్నట్టు చెప్పాలి. స్పానిష్‌లో 'మె ద్వేలె లా కబేసా' అంటారు. మె అంటే నాకు. ద్వేలె అంటే నొప్పెడుతోంది. తల నొప్పెడుతోంది నాకు. 'మె గూస్తా' అంటే నాకు ఇష్టం. క్లాసులో అందరూ ఈ 'నాకు' దగ్గర తలలు పట్టుకున్నారు. నేను ఇంట్లో మాట్లాడే మాటనే అటూ ఇటూ మార్చి చెబుతున్నాను. 'నేను' అని విడిగా అనకపోయినా క్రియ చివర చూస్తే ఎవరో తెలిసిపోతుంది, మన 'వస్తాను, వస్తావు' లాగే. నువ్వుకి 'తూ', మీరుకి 'ఉస్తేద్'. పెద్దవాళ్ళని తూ అంటే ఎంత చివుక్కుమంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లిష్ 'యూ'తో నెట్టుకొస్తూ మనసులో ఎక్కడో వెలితిగా ఉండేది. పెద్దావిడలని ఉస్తేద్ అని పిలిచాక ఆ వెలితి పోయింది.

కష్టాలు లేవని కాదు. స్పానిష్‌లో ప్రతి వస్తువుకీ లింగం ఉంటుంది. బల్ల ఆడది, ముందు 'లా' రావాలి. పుస్తకం మగది, ముందు 'ఎల్' రావాలి. చెయ్యి, 'మానో', ఓ తో ముగిసినా ఆడది. రోజు, 'దీయా', ఆ తో ముగిసినా మగది. పాత రోజుల్లో అత్తగారింట చుట్టరికాలు బట్టీ పట్టినట్టు పట్టాను. మధ్యంతర పరీక్షలో చాలా మార్కులు అక్కడే పోయాయి.

నా పక్కన పందొమ్మిదేళ్ళ అమ్మాయి కూర్చునేది. ఇంటిపేరు స్పానిష్, ముఖకవళికలు మెక్సికన్, స్పానిష్ మాత్రం ఒక్క ముక్క రాదు. ఒకసారి విరామంలో అడిగాను. వాళ్ళ నాయనమ్మ దక్షిణ టెక్సస్‌లో బడికి వెళ్ళే రోజుల్లో ఆటస్థలంలో స్పానిష్ మాట్లాడితే అరచేతుల మీద బెత్తంతో కొట్టేవారట. నా పిల్లలకి ఈ దెబ్బలు వద్దని ఆవిడ ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడింది. టెక్సస్‌లో 1918లో బళ్ళలో ఇంగ్లిష్‌లో తప్ప చదువు చెప్పకూడదని చట్టం తెచ్చారు. 1969లో గాని అది పోలేదు. నేను హన్మకొండలో చదివిన కాన్వెంటులో తెలుగు మాట్లాడితే రూపాయి ఫైను. లంచ్ డబ్బాలు తెరిచేటప్పుడు నోరు జారి 'ఉప్పు' అన్నందుకు నేను కట్టాను. ఆ అమ్మాయికి ఈ సంగతి చెబితే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తన నాయనమ్మ భాషని పరాయి భాషగా ఫీజు కట్టి నేర్చుకుంటోంది ఆ పిల్ల.

కౌంటర్ దగ్గర మార్పు మెల్లగా వచ్చింది. మొదట వచ్చింది చెవి. మనం 'షుగర్ ఉంది' అన్నట్టే వాళ్ళూ 'అసూకర్ ఉంది' అంటారు. అది డయాబెటిస్ అని తెలియడానికి నాకు అనువాదం అక్కర్లేదు. పిల్లల సిరప్‌ల దగ్గర చాలా జాగ్రత్త పడ్డాను. 'కుచరాదా' అంటే పెద్ద చెంచా, 15 మిల్లీలీటర్లు. 'కుచరదీతా' అంటే చిన్న చెంచా, 5 మిల్లీలీటర్లు. మధ్యలో ఒక చిన్న శబ్దం తేడా, మందు మూడు రెట్లు. అందుకే నేను చెంచా మాటే ఎత్తను. సూదిలేని సిరంజి తీసి 5 గీత దగ్గర పెన్నుతో గుర్తు పెట్టి, 'ఆస్తా అకీ', ఇక్కడిదాకా, అని తల్లి చేతికిస్తాను. కొత్త మందు మొదలుపెడుతున్నప్పుడు ఇప్పటికీ ఇంటర్‌ప్రిటర్ లైన్ కలుపుతాను. ఒక సెమిస్టర్ చదువుతో రోగి ప్రాణం మీద ప్రయోగాలు చెయ్యకూడదు. ఎప్పుడు కలపాలో, అటువైపు మనిషి చెప్పింది సగమేనని ఎప్పుడు అనుమానించాలో మాత్రం ఇప్పుడు తెలుస్తోంది.

ఆ ఏడే మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో చేరింది. టెక్సస్‌లో హైస్కూలు పాసవడానికి ఇంగ్లిష్ కాకుండా ఇంకో భాషలో రెండు క్రెడిట్లు కావాలి. వాటి బదులు కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాషల్లో రెండు క్రెడిట్లు తీసుకున్నా చెల్లుతుంది. మన తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో అందరిదీ ఒకటే సలహా: స్పానిష్‌తో జీపీఏ పాడుచేసుకోవద్దు, కోడింగ్ పెట్టించండి.

"అమ్మా, పైతాన్ నాకు ఎలాగూ వచ్చు. ఈజీగా అయిపోతుంది" అంది అది.

"పైతాన్ నేర్చుకో, వద్దనను. కానీ అమ్మమ్మకి జరిగింది చూశావుగా. దాని బదులు ఇది ఎలా అవుతుందో నాకు చెప్పు" అన్నాను.

అది చెప్పలేదు. ఫారం మీద స్పానిష్ టిక్కు పెట్టింది, కాస్త మూతి ముడుచుకునే. నాకు ఆ నిబంధన పెట్టినవాళ్ళ మీద ఇప్పటికీ కోపమే. కంప్యూటర్‌తో మాట్లాడటం, మనిషితో మాట్లాడటం ఒకే గడిలో ఎలా పడతాయి? కాలేజీల్లోనూ ఇదే వరస. అమెరికా కాలేజీల్లో ఇంగ్లిషేతర భాషలు చదివేవాళ్ళు 2016కీ 2021కీ మధ్య 16.6 శాతం తగ్గిపోయారు. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ 2023లో విదేశీ భాషల డిగ్రీలనే ఎత్తేసింది. మరోపక్క ఇదే దేశం తన దౌత్యవేత్తలకి తెలుగు నేర్పడానికి 44 వారాలు, 1100 గంటలు కేటాయిస్తుంది. స్పానిష్‌కి దాదాపు 30 వారాలు. అంటే భాష రావాలంటే ఎంత కాలం, ఎంత ఓపిక పడుతుందో ప్రభుత్వానికి తెలుసు. హైదరాబాద్ కాన్సులేట్‌లో కూర్చునే అధికారికి అవసరమని గుర్తించినది, పక్క వీధిలో మందులిచ్చే మనిషికి అవసరం కాదా?

డిసెంబర్‌లో స్పానిష్ మొదటి మెట్టులో నాకు బి గ్రేడు వచ్చింది. జనవరిలో రెండో మెట్టులో చేరాను. అక్కడ పాఠ్యపుస్తకం కంటే ప్రొఫె నోటి నుంచి ఎక్కువ నేర్చుకున్నాను. పిల్లలు జడుసుకుంటే 'సూస్తో' అంటారు. దిష్టి తగిలితే 'మల్ దె ఓహో', గుడ్డుతో దిగదుడుస్తారు. మనం ఉప్పు, మిరపకాయలతో తీసినట్టే. అన్నం కడుపులో బిగుసుకుపోతే 'ఎంపాచో'. ఈ మూడూ చెబుతుంటే క్లాసులో నర్సులు రాసుకుంటున్నారు, నేను నవ్వుతున్నాను, మా అమ్మ గొంతు వింటున్నట్టుంది. ఎంపాచో దగ్గర ప్రొఫె నవ్వు ఆపి ఒక హెచ్చరిక చేసింది. దానికి నాటు వైద్యంగా 'గ్రేతా', 'అసర్కోన్' అని పొడులిస్తారు. గ్రేతా పసుపు రంగు, అసర్కోన్ నారింజ రంగు. రెండూ సీసం. తొంభై శాతం దాకా సీసమే ఉండొచ్చు. 1980ల మొదట్లోనే అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ వీటి మీద హెచ్చరించింది. ఫార్మసీలో నాలుగేళ్ళు చదివినా, లైసెన్సు పరీక్షలన్నీ రాసినా నేను ఆ రెండు మాటలూ వినలేదు. స్పానిష్ క్లాసులో విన్నాను.

కిందటి శీతాకాలం ఒక తల్లి రెండేళ్ళ పిల్లాడిని చంకనేసుకుని వచ్చింది. పిల్లాడు తినడం లేదు, కడుపు గట్టిగా ఉంది, ఏదైనా సిరప్ ఇవ్వమంది. ఇంగ్లిష్‌లోనే అడిగింది, కూడబలుక్కుంటూ. నేను స్పానిష్‌లో ఎన్నాళ్ళ నుంచి అని అడిగాను. ఆమె భుజాలు ఒక్కసారి కిందికి దిగాయి. చాలా గబగబా చెప్పుకుపోయింది, సగమే అందింది. ఆ సగంలో ఎంపాచో ఉంది.

ఇంట్లో ఏమైనా ఇచ్చారా, పొడి లాంటిది, అని అడిగాను. ఆమె కాసేపు నా ముఖంలోకి చూసింది. తిడతాననుకుందేమో. మా అమ్మమ్మ కూడా ఇలాంటివి ఇచ్చేదండీ అన్నాను. అప్పుడు సంచి లోపలి జేబులోంచి మడత పెట్టిన ప్లాస్టిక్ పొట్లం తీసి కౌంటర్ మీద పెట్టింది. పసుపు రంగు. పిన్నిగారు పంపిందట. మూడు రోజులుగా చిటికెడు చొప్పున ఇస్తోంది.

దాన్ని ముట్టుకోకుండా ఒక సంచిలోకి జార్చాను. విషం సంగతుల్లో సలహా ఇచ్చే పాయిజన్ కంట్రోల్‌కి ఫోన్ చేశాను. ఇంటర్‌ప్రిటర్‌ని కలిపి స్పీకర్‌లో పెట్టాను. సాయంత్రానికల్లా పిల్లాడి రక్తం తీశారు.

నెల తర్వాత వచ్చింది, ఐరన్ చుక్కల మందు కోసం. సీసం మోతాదు ఉండాల్సిన దానికంటే ఎక్కువే వచ్చింది, కానీ దిగుతోంది, మళ్ళీ పరీక్ష ఉందని చెప్పింది. పిల్లాడు కౌంటర్ అంచు పట్టుకుని స్టిక్కర్ కోసం ఎగురుతున్నాడు. ఇంట్లో ఇంకా ఎవరైనా 'లా పోల్వో', ఆ పొడి, వాడుతున్నారా అని అడిగాను.

"ఎల్ పోల్వో" అని దిద్దింది, మెల్లగా. "పొడి మగది, డాక్టరమ్మా. లేదు, పారేశాం. పిన్నికి కూడా ఫోన్ చేసి చెప్పాను."

ఎల్ పోల్వో అని మళ్ళీ అన్నాను. పిల్లాడికి రెండు స్టిక్కర్లిచ్చాను.